చివర నుంచున్నాయన

ఇంకొక్క అడుగు వెనక్కి వేసుంటే ఫొటోగ్రాఫరు తనే గోడకు వేలాడే ఫొటో అయిపోయేవాడు.

అప్పటికే వీపు గోడకు అతుక్కుపోయింది. అయినా కెమెరాలో సగం గదే పట్టింది.

"రేపు ఈ గది నిండా జనం ఉంటారు. ఒక్కరు కూడా తప్పిపోకూడదు," అంది ఆసుపత్రి హెడ్ నర్సు.

"ఏమిటండీ సందర్భం, సిస్టరు గారూ?"

"మా దగ్గర చావు తప్పించుకుని ఇళ్ళకు వెళ్ళినవాళ్ళు. ఎక్కడెక్కడినుంచో పిలిపించాం. ఫొటో బాగా వచ్చిందంటే, ఇకమీదట ఆసుపత్రి ఫొటోలన్నీ మీవే."

ఫొటోగ్రాఫరు మొహం ఫ్లాష్ కొట్టినట్టు వెలిగింది. స్టూడియోలో ఈగలు తోలుకుంటూ, తోచక ఆ ఈగలకే ఫొటోలు తీస్తున్న రోజులవి.

ఒక్క పరుగున బావమరిది కెమెరా కొట్లో వాలాడు.

"గది ఇరుకు, జనం బరువు. ఏమిస్తావురా?"

బావమరిది కౌంటరు మీద రెండు పెట్టాడు. ఒకటి చెంబంత, రెండోది మూతంత.

"ఈ చెంబుందే, ఇది అసలైన వైడ్ యాంగిల్ లెన్సు బావా. గదికి గదినే మింగేస్తుంది. ఈ మూత ఉత్త అటాచ్‌మెంటు. నీ పాత లెన్సు ముందు తిప్పి బిగించుకోవడమే."

ధర వినగానే ఫొటోగ్రాఫరు, నిద్రపోతున్న పసివాణ్ణి పడుకోబెట్టినట్టు, చెంబును మెల్లగా కింద పెట్టాడు.

"లెన్సేమో వైడు, నా జేబేమో నారో. మూతే ఇవ్వు."

"వద్దు బావా. మధ్యలో బాగానే ఉంటుంది. అంచుల్లో మొహాలు అలికేసినట్టు వస్తాయి. పోనీ, చెంబే ఒక్కరోజుకి ఊరికే పట్టుకెళ్ళు."

"నీ దగ్గర ఊరికే తీసుకున్నానని తెలిస్తే మీ అక్క ఆ రీలు జన్మంతా తిప్పుతుంది! మీ అక్కతో అటాచ్‌మెంటునే ఇన్నేళ్ళుగా నెట్టుకొస్తున్నాను, ఈ మూత ఒక లెక్కా?"

"లెన్సు లేకపోతే పోయె, సెన్సయినా ఉండాలి బావా. అంచుల్లో నుంచున్నవాళ్ళ గతేంటి?"

"అదేరా కిటుకు! ముఖ్యమైనవాళ్ళు మధ్యలో. మొహం ఎలా వచ్చినా కిక్కురుమననివాళ్ళు అంచుల్లో. ఎవరెవరో చూడగానే చెప్పేస్తాను!"

మర్నాడు గది కిటకిటలాడిపోయింది.

చేతికర్రలవాళ్ళు, చంకలో బిడ్డలతో తల్లులు, ఒకరి కాళ్ళ సందున ఒకరు దూరే పిల్లలు. ఒకరికొకరు ముక్కూమొహం తెలియదు. అయినా ఒకే ఇంటివాళ్ళలా ఒకటే కబుర్లు!

ఫొటోగ్రాఫరు ఊగిపోయాడు.

"పిన్నిగారూ, ఇలా మధ్యకి! లాయరు గారూ, కేసు తర్వాత, ముందు ఫేసు ఇటు! ఏయ్ చిట్టీ, నాలుక లోపల పెట్టమ్మా, దానికి వేరే ఫొటో తీస్తాను!"

గది గొల్లుమంది.

అప్పుడొచ్చాడు ఒక పెద్దాయన. నలిగిన చొక్కా, చేతిలో సంచి. గుమ్మంలోనే ఆగి, ఒక్కొక్క మొహాన్నీ తీరిగ్గా చూస్తున్నాడు.

ఎవరి డ్రైవరో, అనుకున్నాడు ఫొటోగ్రాఫరు.

"మీరెవరి తాలూకండీ?"

"అందరి తాలూకూ అనుకోండి," నవ్వాడు పెద్దాయన.

"అంటే ఎవరి తాలూకూ కాదన్నమాట! ఆ చివరికి వెళ్ళండి. ఇంకొంచెం. ఆ గోడ దగ్గరికి."

హెడ్ నర్సు గబుక్కున ముందుకొచ్చింది. "అయ్యో, ఆయన్ని మధ్యలో..."

పెద్దాయన ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆమె మాట మింగేసింది.

"బాబూ, చివరున్నా నా మొహం తెలుస్తుంది కదూ?"

"అద్దంలో కంటే బాగా!" తడుముకోకుండా అనేశాడు ఫొటోగ్రాఫరు.

క్లిక్! క్లిక్! క్లిక్!

అందరూ పట్టేశారు! ఫొటోగ్రాఫరు ఉన్నచోటే గంతేశాడు. పెద్దాయన పక్కనున్న పాప తల నిమిరి, ఇచ్చిన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ప్రింటు వేస్తే అంచులు అలుక్కుపోయే ఉన్నాయి. ఎవరడుగుతారులే, అనుకున్నాడు.

వారం తిరక్కుండా హెడ్ నర్సు స్టూడియోకు వచ్చింది.

"ఎంత కళగా ఉంది అన్నయ్యా! మాట ప్రకారం ఇక మా పనులన్నీ మీవే."

ఫొటోగ్రాఫరు కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు.

ఆమె వేలు ఫొటో మీద జరుగుతూ జరుగుతూ చివరికెళ్ళి ఆగిపోయింది. అక్కడ నలిగిన చొక్కా ఉంది. దాని పైన, మొహం ఉండాల్సిన చోట, సాగిపోయిన మరక ఉంది.

"ఈయన మొహం ఒక్కటీ పెద్దది చేసివ్వండి. అందుకే వచ్చాను."

"అది... బాగా అంచు కదండీ. పెద్దది చేస్తే మరకే పెద్దదవుతుంది."

ఆమె ఆ మరక మీంచి వేలు తీయలేదు.

"ఆయన ఫొటో మా దగ్గర ఇదొక్కటే. ఎప్పుడడిగినా వద్దనేవారు. వీళ్ళందర్నీ ఒక్కసారి చూడాలని ఆయనే అడిగారు, తనెవరో చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుని."

"మళ్ళీ పిలవండి సిస్టరు గారూ! అసలు లెన్సే తెస్తాను! ఊరికే తీస్తాను!"

"మొన్న పోయారు. ఎక్కువ రోజులు లేవని తెలిసే వచ్చారు."

"ఇంతకీ... ఎవరండీ ఆయన?"

హెడ్ నర్సు ఫొటోలో నవ్వుతున్న మొహాలన్నిటినీ వేలితో మెల్లగా నిమురుతూ చెప్పింది: "వీళ్ళందరిదీ ఎక్కడా దొరకని బ్లడ్ గ్రూపు అన్నయ్యా, ప్రతి ఒక్కరినీ బతికించింది ఆయన రక్తమే."