ఊఁ కొట్టేవాడు

అది డెబ్బైతొమ్మిది వేసవి. పెనుకొండలో ఆఖరి బస్సు తప్పిపోవడంతో దర్జీ లాల్‌సాబ్ ఒంటరిగా కాలినడకన ఊరికి బయల్దేరాడు. భయం తెలియకుండా పైకే ఒక కథ ఎత్తుకున్నాడు. అప్పటికప్పుడు అల్లిన కథ. ఇంట్లో అతని కథలకు ఊఁ కొట్టే దిక్కు లేదు. భార్య హసీనాబీ మొదటి మాటకే నిద్రపోతుంది.

"ఒక రాజు. ఆ రాజుకు నీడ లేదు."

"ఊఁ" అని వెనక నుంచి వినిపించింది.

తిరిగి చూస్తే వెన్నెల్లో ఖాళీ రోడ్డు. అయినా నోరు ఆగలేదు. ఊఁ కొట్టేవాడుంటే కథకు కాళ్లొస్తాయి. రాజు నీడను వెతుక్కుంటూ కోట దాటాడు, అడవి దాటాడు. ప్రతి మాటకూ "ఊఁ". ఊపిరి కోసం ఆగితే మాత్రం ఊఁ బదులు అడుగుల చప్పుడు దగ్గరయ్యేది. ఒళ్లంతా చెమట. ఆ చెమటలోనే, జన్మలో ఇంత గొప్పగా కథ చెప్పలేదన్న హుషారు.

ఇల్లు వచ్చింది. హసీనాబీ లాంతరు ఎత్తి చూసింది.

"ఇంత పొద్దు యాడుంటివి? నీ యనక ఉండే ఆయప్పను గూడా లోపలికి రమ్మను."

లాల్‌సాబ్ వెనక్కి చూడలేదు.

"రాజుకు నీడ ఇంకా దొరకలేదు" అంటూ తన వాకిలి దాటి నడిచిపోయాడు.

"ఊఁ."