ఎర్రపండు కూత

"నువ్వు దిగొద్దు మావా. నీకు దణ్ణం పెడతాను, కూర్చో" అన్నాడు యలమందయ్య.

"మరి ఎవరు దిగుతార్రా? మీ తాతా?" అన్నాడు ఇమాం హుస్సేన్, అప్పటికే చొక్కా విప్పేసి.

బరి పక్కన, ఆటలో దెబ్బ తగిలిన బుడాన్ చీలమండ పట్టుకుని మూలుగుతున్నాడు. ఆట ఇంకా సగం ఉంది. ప్రత్తిపాడు జిన్నింగు మిల్లు జట్టులో ఖాళీగా కూర్చున్న మనిషి ఇమాం హుస్సేన్ ఒక్కడే. నిరుటి దాకా ఈ జట్టుకి కెప్టెన్ ఆయనే. ఈ ఏడు ఆ పెత్తనం యలమందయ్యకి వచ్చింది, దాంతోపాటు దరిద్రమూ పట్టుకుంది. తెనాలిలో ఓడారు. నరసరావుపేటలో ఓడారు. చిలకలూరిపేటలో అయితే జనం ఆట పూర్తికాకుండానే నవ్వుకుంటూ ఇళ్ళకు పోయారు.

తప్పంతా ఆ కొత్త రూలుది. ఇన్నేళ్ళూ చెడుగుడులో ఎవడి కూత వాడిది. నచ్చిన మాటేదో గుక్క తిప్పుకోకుండా అనుకుంటూ అవతలి జట్టు మీదికి పోవడమే. ఇమాం హుస్సేన్ కూత 'ఎర్రపండు కొరికిచూడు కొరికిచూడు కొరికిచూడు' అని. గుంటూరు చుట్టుపక్కల మిరపచేలల్లో పెరిగిన కుర్రాళ్ళందరూ ఆ కూతతోనే ఆట నేర్చుకున్నారు. ఈ ఏటి నుంచి పోటీల్లో అవేవీ చెల్లవన్నారు. అందరూ 'కబడ్డీ' అనే కూయాలట. కూతకెళ్ళినవాడి నోట ఇంకో మాట వచ్చిందా, వాడు ఔట్.

ఇమాం హుస్సేన్ బయల్దేరేటప్పుడు బుద్ధిగా 'కబడ్డీ' అనే బయల్దేరేవాడు పాపం. ఎవడైనా కాలు పట్టుకున్నాడా, కంగారులో 'ఎర్రపండు' తన్నుకొచ్చేది. వెంటనే ఈల మోగేది. చూసి చూసి యలమందయ్య ఆయన్ని బయట కూర్చోబెట్టాడు.

"మిల్లు షావుకారు గారు పొద్దున ఏమన్నారో విన్నావుగా మావా! ఇవాళ కూడా ఓడితే జట్టు ఎత్తేస్తానన్నారు. ఆట చూసేగా మనకి మిల్లులో పనిచ్చింది? జట్టే లేకపోతే మన మొహాలు చూసి ఉంచుకుంటారా?"

"అందులో నా పని లేదేంట్రా? పని పోతే ఇంటికెళ్ళి మీ అత్త రసూల్‌బీకి ఏ మొహం చూపించను?" ఇమాం హుస్సేన్ బరి వైపు అడుగేశాడు. "కూతకి పోనులే. ఇటే నిలబడతా. వచ్చినవాణ్ణి పట్టుకోవడానికి నోటితో పనేముంది?"

మనిషి తక్కువైతే ఇంకా నష్టం. యలమందయ్య నెత్తి కొట్టుకున్నాడు.

"సరే, పో. నోరు మాత్రం ఎత్తకు. నీకు పుణ్యముంటుంది!"

ఆట మళ్ళీ మొదలైంది. షావుకారు గారు కుర్చీలో కూర్చోలేరు, లేచి నిలబడలేరు. పైపంచె ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి, ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మారుస్తున్నారు. అవతల నల్లపాడు జట్టులో అంకమ్మరావని ఒక పిడుగు ఉన్నాడు. వచ్చిన ప్రతిసారీ ఒకణ్ణి తాకి చక్కా పోతున్నాడు. ఉస్మాన్ ఔటయ్యాడు. హయాత్ ఔటయ్యాడు. కాసేపటికి యలమందయ్య కూడా ఔటై, బయటికొచ్చి చతికిలబడ్డాడు.

పాయింట్లు సమానంగా ఉన్నాయి. మిగిలింది ఒకే ఒక్క కూత. అదీ నల్లపాడు వాళ్ళది. ఇటు బరిలో మిగిలింది ఒక్క ఇమాం హుస్సేన్! అంకమ్మరావు ఆయన్ని తాకి గీత దాటితే వాళ్ళు గెలిచినట్టు, ఔటైతే వీళ్ళు గెలిచినట్టు.

"అయిపోయింది. రేపట్నుంచి మిరపకోతలకి పోవడమే" అన్నాడు యలమందయ్య, పక్కనున్న గడ్డి పీకి పారేస్తూ.

అంకమ్మరావు 'కబడ్డీ కబడ్డీ' అంటూ దూకాడు. ఇమాం హుస్సేన్ కంగారు అంత దూరం నుంచీ కనిపిస్తోంది. అలాంటప్పుడు ఎవడైనా వెనక్కి తగ్గుతాడు. ఈయన తగ్గలేదు. ముందుకు వంగి, చెయ్యి చాచి, అంకమ్మరావు మీదికే నడిచాడు. పెదవులు కదులుతున్నాయి.

"ఎర్రపండు కొరికిచూడు కొరికిచూడు కొరికిచూడు..."

"ఓరి నాయనో! మళ్ళీ మొదలెట్టాడు!" యలమందయ్య రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

రిఫరీ ఈల నోట్లో పెట్టుకున్నాడు గానీ ఊదలేదు. కూతకొచ్చినవాడికే ఆ రూలు. నిలబడ్డవాడు ఏం కూసుకుంటే ఎవడిక్కావాలి?

ఇమాం హుస్సేన్ గొంతు పెద్దదైంది. అదే పాత దరువు, అదే ఊపు. అంకమ్మరావు తికమకపడ్డాడు. తను మీదికి పోవడమే గానీ, తన మీదికి వచ్చేవాణ్ణి వాడు ఇంతవరకూ చూళ్ళేదు. ఒకడుగు వెనక్కి వేశాడు. 'కబడ్డీ కబడ్డీ కబడ్డీ కొరి...' అని నాలిక కరుచుకోబోయాడు. ఎక్కడాగుతుంది? చిన్నప్పటి కూత నోటినిండా వచ్చేసింది.

"...కొరికిచూడు కొరికిచూడు కొరికిచూడు!"

ఈల మోగింది. అంకమ్మరావు ఔట్!

ప్రత్తిపాడు జనం ఒక్క పెట్టున బరిలోకి వచ్చిపడ్డారు. షావుకారు గారు పైపంచె గాల్లోకి విసిరేశారు. యలమందయ్య పరిగెత్తుకొచ్చి ఇమాం హుస్సేన్‌ని వాటేసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు.

"నిన్ను కూర్చోబెట్టినందుకు నా చెంప వాయించు మావా! ఏం ఎత్తు వేశావయ్యా! నీ జబ్బు వాడికి అంటించి మా అందరి పనీ నిలబెట్టావు. వచ్చే ఏడు కెప్టెన్‌వి నువ్వే!"

ఇమాం హుస్సేన్ ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. అటూ ఇటూ చూశాడు. మధ్య గీత వైపు ఒకసారి, తను నిలబడ్డ చోటు వైపు ఒకసారి చూసుకున్నాడు. తర్వాత యలమందయ్య చెవి దగ్గర నోరు పెట్టాడు.

"ఎత్తూ లేదు గిత్తూ లేదు, అరవకు. కంగార్లో, కూతకెళ్ళింది నేనే అనుకున్నాన్రా!"