అంజనప్ప మీసం

“ఆడది అట్ల నడుస్తుందా అమ్మా?” అని డైరెక్టరు అంజనప్ప అరిచాడు.

హోసూరు చెనిక్కాయల మండీలో రిహార్సలు ఆగిపోయింది. మహారాణి వేషం వేస్తున్న పుష్పవతి నడుం మీద చేయి వేసుకుని నిలబడింది.

“నేను ఆడదాన్నే గదా వాద్యారే! ఇద్దరు బిడ్లను కనినాను.”

“బిడ్లను కంటే సరా? ఈ వేషం కట్టి కట్టి పండినోన్ని నేను. నువ్వు నీళ్లకు పోయినట్ల పోతావుండావు. మహారాణి అట్ల పోదు. ఈడ చూడు!”

అంజనప్ప పంచెనే కుచ్చిళ్లుగా పట్టుకున్నాడు. మెడ వంచి, కళ్లు తిప్పి, ఒక్కో అడుగుకీ నడుం విదిలిస్తూ మండీ ఆ చివరిదాకా పోయాడు. కొత్తగా పెంచిన మీసం ఒక్కటే ఆ నడకకు అడ్డంగా ఉంది.

నాటకం కంపెనీ ఓనరు దొరస్వామి శెట్టి మూట మీద కూర్చుని చూస్తున్నాడు.

“అంజనప్పా, ఇంక చీర కట్టను, డైరెక్టరైతానని మీసం పెంచినావు. సరే అన్నాను. ఏటా నిన్ను చీరలోనే చూసిన రాయకోట జనానికి ఈయమ్మ వేషం పట్టలేదనుకో, ఆ మీసం తీసి మళ్లా నువ్వే చీర కట్టల్ల.”

“ప్రాణమైనా ఇస్తాను గానీ మీసం ఇయ్యను శెట్టీ!”

ఆ భయంతో పుష్పవతిని పిండేశాడు. నవ్వితే “అట్ల గాదు” అన్నాడు. ఏడిస్తే “ఆడోళ్లు యాడన్నా అట్ల ఏడుస్తారా?” అన్నాడు. చివరికి గొంతు కూడా తనలాగే ముక్కుతో సన్నగా పలికించాడు.

“నాకేం తెలీదప్పా. నువ్వెట్ల చేస్తే అట్లే చేస్తాను” అంది ఆమె విసిగిపోయి.

“ఇప్పుడొస్తివి దారికి!”

రాయకోటలో “అంజనప్ప డైరెక్షన్లో మహారాణి నాటకం!” అని తమటె కొట్టి చాటించారు. జనం విరగబడ్డారు. పెట్రోమాక్సు వెలుతురులో పుష్పవతి నడుం విదిలించినప్పుడల్లా ఈలలు. ఆమె ఏడిస్తే ముందు వరసలో ఆడవాళ్ల కొంగులన్నీ తడిశాయి.

తెర వెనక అంజనప్ప దువ్వెన తీసి మీసం దువ్వుకున్నాడు. “చూస్తిరా శెట్టీ! మీసం నిలిచింది!”

నాటకం ముగిసింది. ఊరిపెద్ద వెంకటప్ప ఇంత లావు పూలదండతో స్టేజీ ఎక్కాడు.

“ఈ దండ మన అంజనప్పకు!” అని కేకేశాడు.

అంజనప్ప మెడ చాచుకుని తెర పక్కనుంచి వచ్చాడు.

“నువ్వెవరప్పా, అట్ల జరుగు” అని అతన్ని పక్కకు తోసి, వెంకటప్ప దండ తీసుకుపోయి పుష్పవతి మెడలో వేశాడు.

“భలే అంజనప్పా! మీసం పెంచినావని యెవరో చెప్తే భయపడిపోయినాను. ఎంత నున్నగా తీయించినావు!”