అద్దకం కుండ

తెల్లారేసరికి కుండ సగం ఖాళీ అయింది.

పెడనలో వెంకట్రామయ్య అద్దకం షెడ్డులో మూలనున్న కుండ అది. తుప్పుపట్టిన మేకులు, విరిగిన లాడాలు వేసి, బెల్లం నీళ్లు పోసి మూత పెడతారు. రోజులు గడిచేకొద్దీ పులిసి, నురగ కట్టి, కంపు కొడుతుంది. కరక్కాయ రసం పట్టించిన బట్ట మీద ఆ నీళ్లు అద్దితే, అద్దిన చోటల్లా కాటుక నలుపు. అంతకుమించి దాంతో ఎవరికీ పనిలేదు. కుక్క కూడా మూతి పెట్టదు.

దాన్నెవరో తాగారు.

తాగి, కుండ పక్కనే కక్కారు. ఆ కక్కులో చచ్చిన ఈగలు. మద్యనిషేధం వచ్చి సారా దొరక్కపోతే మాత్రం మనిషి ఇంతకి దిగజారతాడా? దిగజారతాడు. తాగుడు అలవాటైన నోటికి మురికికాలవైనా ఒకటే. షెడ్డంతా ఒకటే కంపు, ఎవరి ఒంటి మీద ఏ వాసనుందో తెలియడం లేదు.

ఎవరని అడగక్కర్లేదు. పనివాళ్లలో ఒకప్పుడు పీకలదాకా తాగినవాడు పున్నయ్య ఒక్కడే. క్రిస్మస్ నాడు చర్చిలో అందరి ముందూ ప్రమాణం చేసి మానేశాడు. మళ్లీ ముట్టుకుంటే పిల్లను తీసుకుని గూడూరు పుట్టింటికి వెళ్లిపోతానని భార్య రాజకుమారి ఆ రోజే చెప్పింది.

ఆదివారం కావడంతో పున్నయ్య చర్చి నుంచి తెల్లచొక్కాతోనే వచ్చాడు. సంగతి విని రాజకుమారి బట్టల మూటతో, చంకలో పిల్లతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

కుండను మొదట చూసింది పక్కింటి శోభనాద్రిగారు. ఊరి మద్యనిషేధ సంఘానికి ఆయనే పెద్ద. తాగుడు మీద సభల్లో అరిచి అరిచి గొంతు పోయిందని, బుగ్గన ఎప్పుడూ కరక్కాయ ముక్క పెట్టుకుని ఉంటారు. పున్నయ్యను చూడగానే కండువాతో ముక్కూ నోరూ కలిపి మూసుకున్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోపం మరి.

"దూరంగా నిలబడరా, కంపు" అన్నారు కండువాలోంచి.

"నేను ముట్టుకోలేదండీ. ప్రభువు తోడు."

"మరి కుండే తాగేసిందా?"

వెంకట్రామయ్య తలదించుకుని, "రేపట్నుంచి పనిలోకి రాకు పున్నయ్యా" అన్నాడు.

పున్నయ్య గుమ్మం వైపు తిరిగాడు. "రాజకుమారీ, నువ్వైనా నమ్మవే."

"ఎన్నిసార్లు నమ్మానో నీకే తెలుసు" అందామె. పిల్లను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని వెనుదిరిగింది.

పున్నయ్య శోభనాద్రిగారి కాళ్ల మీద పడబోయాడు. మీరు చెబితే అది వింటుందండీ అన్నాడు ఏడుస్తూ. ఆయన పామును చూసినట్టు వెనక్కి జరిగారు.

"ఛీ, తాగుబోతు వెధవా" అని కండువా లాగేసి, కాండ్రించి అతని గుండెల మీద ఉమ్మేశారు.

గుమ్మం దాటబోతున్న రాజకుమారి వెనక్కి తిరిగి చూసేసరికి, మొగుడి తెల్లచొక్కా మీద జారుతున్న ఆ ఉమ్మి కాటుక నలుపు.