దేవిదాస్ గారి ఓటు చెల్లదు

నా ఆటోకు వరుస నంబరు రాకుండా అడ్డుపడింది మీరే, దేవిదాస్ గారూ! బాన్సువాడ అడ్డాలో ఆటోలవాళ్లు తన్నుకోకుండా చూసే ఐదుగురు పెద్దల్లో నలుగురు నా కోసం చెయ్యెత్తారు.

మీరొక్కరే లేచి, "నేనొద్దంటున్న. ఐదుగుర్ల ఒక్కడు వద్దన్నా పని ఆగాలె. ఐక్యరాజ్యసమితిల గట్లనే నడుస్తది" అన్నారు.

నేనూ ఫోన్‌లో చదివాను. తగువును శాంతిగా తీర్చే తీర్మానమైతే, ఆ తగువులో ఉన్న దేశం అక్కడ ఓటు వేయకూడదు.

మరి మన తగువు సంగతేంటి? పొద్దున నా ఆటో తాళంచెవి బియ్యం డబ్బాలో దాచి, "ఆడపిల్లకు ఆటో ఏందే?" అని అవ్వ ముందు ఎగిరింది ఎవరు?

శనివారంలోగా ఆ ఓటు వాపస్ తీసుకో, బాపూ. లేకపోతే ఆదివారం మటన్ వండేది నువ్వు, తినేది నేను.

నవత