తలుపవతలి తుమ్మెద

నేను అక్షరాలు దిద్దుకున్నది మనవలు పుట్టాక. తప్పులుంటే మన్నించండి. రాయడం నిదానం, మీరూ నిదానంగానే చదవండి.

"మేడమ్, ఆడవాళ్ళ సంఘం మంగళవారం. ఇవాళ గురువారం," అన్నాడు డెల్మర్ స్టిడమ్, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"నాకూ వారాలు తెలుసు," అంది ఆ పెద్దామె. "ఊపిరి క్లాసుకు వచ్చాను."

"అది యుద్ధానికి వెళ్ళొచ్చిన వాళ్ళకి. మీవారు లోపలున్నారా?"

"మావారు లేరు. ఎప్పుడూ లేరు."

"మరి మీరు ఎవరి తాలూకు?"

"నా తాలూకే."

లోపల మాజీ సైనికులు కిసుక్కున నవ్వారు.

పశ్చిమ వర్జీనియా కొండల్లో బొగ్గుగనుల ఊరు అది. వియత్నాం నుంచి తిరిగొచ్చిన వాళ్ళు అక్కడి మాజీ సైనికుల సంఘం హాల్లో గోడకు వీపు ఆనించి, తలుపు మీద చూపుంచి కూర్చుంటారు. ముసలితనం వచ్చినా ఆ అలవాటు పోలేదు. డెల్మర్ కుర్చీ తలుపు పక్కనే. ఆ కాపలా అతనికి ఎవరూ అప్పజెప్పలేదు, తనే పెట్టుకున్నాడు.

ఎందుకంటే ఆ గదిలో అతను ఏడ్చేవాడు. ఊపిరి నిదానించే కొద్దీ కళ్ళు కారిపోయేవి. ఇంట్లో పెళ్ళాం ముందు కూడా కన్నీరు పెట్టని మనిషి. పరాయి ఆడమనిషి చూడటమా? తల తెగినా ఒప్పుకోడు.

"సైన్యంలో చేసిన కాగితాలుంటే చూపించండి," అన్నాడు.

"నీ కాగితాలు ఇక్కడ ఎవరైనా అడిగారా, అబ్బాయ్?"

"మా మొహాలు చూస్తే తెలీదా?"

"అయితే నా మొహం కూడా చూడు."

డెల్మర్ చూడలేదు. తలుపు మూసేశాడు.

క్లాసు చెప్పే క్లేటన్ కుర్రవాడు, ఇరాక్ వెళ్ళొచ్చినవాడు. "తీసే ఉంచుదామండీ," అంటూ రెండడుగులు వేశాడు. తలుపుకున్న అద్దంలోంచి ఆమె వద్దన్నట్టు తల ఊపింది. అతను ఆగిపోయాడు.

ఆమె మాత్రం వెళ్ళిపోలేదు. బయట నడవాలో మడతకుర్చీ వేసుక్కూర్చుంది.

"ఇవాళ తుమ్మెద ఊపిరి," అన్నాడు క్లేటన్. "ముక్కుతో నిండా పీల్చండి. పెదాలు కలిపి ఝుమ్మంటూ వదలండి. కళ్ళు మూయాలని లేకపోతే మూయకండి."

లోపల సన్నగా ఝుంకారం లేచింది. తలుపవతల దానికి రెట్టింపు లేచింది.

"ఇదేం తుమ్మెదరా నాయనా, రంపపు మిల్లు!" అన్నాడు వాళ్ళలో ఒకడైన కర్టిస్.

"మనందరి ఊపిరీ అయిపోయింది, అది ఇంకా మోగుతోంది చూడు!" అన్నాడు ఇంకొకడు.

"నువ్వూ సిగరెట్లు మానెయ్, మోగుతావు."

ప్రతి గురువారం ఇదే తంతు. మంచు కురిసినా ఆమె వచ్చేది. పేరు ఓపల్ రాట్లిఫ్ అనీ, కొండకు అవతల ఒంటరిగా ఉంటుందనీ తెలిసింది. అంతకుమించి ఎవరూ కనుక్కోలేదు.

"ఈ చలిలో బిగుసుకుపోతావమ్మా, ఇంటికి పో," అనేవాడు డెల్మర్.

"తలుపు తీస్తే చలి తగ్గుతుంది."

"తీయను."

"నేనూ పోను."

మంచు కరిగే రోజుల్లో, ఒక గురువారం క్లాసు మధ్యలో, హాలు వెనక వంటగదిలో ఇనప పెనాల దొంతర ధనాలున కూలింది.

తర్వాత ఏం జరిగిందో డెల్మర్‌కు తెలీదు. తెలివొచ్చేసరికి నడవాలో ఉన్నాడు. వేలాడే కోట్ల కింద, నేల మీద, చేతులతో తల కప్పుకొని. ఊపిరి లోపలికి వస్తోంది గానీ బయటికి పోవడం లేదు.

ఓపల్ కుర్చీ దిగి, కాస్త ఎడంగా నేల మీదే కూర్చుంది.

"నిన్ను ముట్టుకోను, అబ్బాయ్. నీ దారికి అడ్డం లేను. గాలి లాగకు. ముందు వదులు. నాతోపాటు ఝుమ్మను."

అన్నాడు. ఆ మోత దవడల్లోకీ, గుండె ఎముకల్లోకీ దిగింది. మళ్ళీ అన్నాడు. మెల్లగా చేతులు జారాయి. మొహమంతా తడిసి ఉంది. ఆమె చూసింది. చూడనట్టు నటించనూ లేదు.

"ముట్టుకోకూడదని నీకెవరు చెప్పారు?" అన్నాడు లేచి కూర్చుంటూ.

"తలుపు తీసి అడుగు, చెప్తాను."

తర్వాతి గురువారం డెల్మర్ అందరికంటే ముందొచ్చాడు. తలుపు బార్లా తెరిచి, తన కుర్చీ గుమ్మంలో ఇరికించి కూర్చున్నాడు. తలుపు పక్కన గోడవార తన చోటు ఆమె కోసం ఖాళీగా ఉంచాడు.

"ఏంట్రా ఇది? ఆడమనిషి ముందు ఏడుస్తావా?" అన్నాడు కర్టిస్.

"ఏడుస్తా. నీకు చేతనైతే నువ్వూ ఏడు. ఇవాళ ఈ తలుపు ఎవడు మూస్తాడో చూస్తాను. సంఘం ప్రెసిడెంటును పిలుచుకో, వాడి బాబును పిలుచుకో."

ఎవరూ పిలవలేదు. కర్టిస్ గొణుక్కుంటూనే తన కుర్చీ కాస్త జరిపి, ఆ చోటు ఇంకొంచెం వెడల్పు చేశాడు.

క్లేటన్ వచ్చాడు. టోపీ చేతిలో ఉంది.

"ఆమె కోసమైతే ఎదురుచూడకండి. మొన్న నిద్రలోనే పోయింది."

డెల్మర్ గుమ్మంలోంచి లేవలేదు. "నీకెలా తెలుసు? ఆమె నీకేమవుతుంది?"

"చెప్పనని ఒట్టు వేయించుకుంది. మగవాళ్ళు చూపించని కాగితం నేనెందుకు చూపించాలి, నా మొహం చాలదా అంది." క్లేటన్ టోపీ ఆ ఖాళీ చోటులో పెట్టాడు. "వియత్నాంలో, ప్లీకూ సైనిక ఆస్పత్రిలో నర్సు, కెప్టెన్ ఓపల్ రాట్లిఫ్. నాకు ఈ ఊపిరి నేర్పి, దీంతో నన్ను బతికించి, మీ దగ్గరికి పంపింది ఆమేనండీ. 'పాఠం నువ్వు చెప్పుకో, నాకు మాత్రం ఒక్కసారి మా వాళ్ళ మధ్య కూర్చుని ఊపిరి పీల్చుకోవాలనుంది' అంది."

వాండా స్టిడమ్, డెల్మర్ పెళ్ళాం,
ఎనభై రెండేళ్ళు,
ఇప్పుడు ఉంటున్నది చెల్లెలి దగ్గర, బ్లూఫీల్డ్‌లో.