నీలపు తిత్తి

రాయిని నాలుక మీద పెట్టుకుని గంగయ్య కళ్ళు మూసుకున్నాడు.

"చల్లగా ఉందే," అన్నాడు.

లోవలక్ష్మి రాయి వంక చూడలేదు. చాప మీద వణుకుతున్న బుల్లియ్య వంక చూస్తోంది. నాలుగేళ్ళ పిల్లాడు. రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరం వాడిలో ఇంకేం మిగిలిందా అని వెతుక్కుంటున్నట్టుంది. మొలతాడుకు కట్టిన బొటనవేలంత రాగి తాయెత్తు ఒక్కటే వాడి ఒంటి మీద బరువైన వస్తువు.

గంగయ్య రాయి మీద ఊదాడు. ఆవిరి పట్టినట్టే పట్టి చటుక్కున ఆరిపోయింది. పడవ లాంతరు గాజు మీద గీశాడు. గాజు మీద గీత పడింది, రాయి మీద పడలేదు. మామూలు రోజైతే ఆ గాజు కోసం లోవలక్ష్మి పేటంతా వినబడేలా అరిచేది.

"సిద్ధాంతి గారు చెప్పినయ్యన్నీ సరిపోయినై. ఇది నీలమే. శని పట్టిన ఒంటికి కడితే జ్వరం దిగుద్ది."

ధవళేశ్వరం ఆనకట్ట దిగువన వల లాగితే బురదతో పాటు వచ్చింది, చింతగింజంత రాయి. గోదారమ్మే పిల్లాడి కోసం పంపిందని గంగయ్య నమ్మకం. ఆ చేత్తోనే రెండు చేపలు కూడా పంపాల్సిందని లోవలక్ష్మి అనుకుంది గానీ పైకి అనలేదు.

"లాకుల దగ్గర పొగపడవ సరంగు కాడ కొయినా మందుంది మావా. దొరలకి చలిజ్వరమొస్తే అదే మింగుతారంట. ఊరికే ఇవ్వడంట. ఈ రాయి ఇచ్చేద్దాం."

"శని దిగే రాయిచ్చేసి, చేదు పొడి నమ్ముకుందామా?"

"నువ్వివ్వకపోతే నేనిస్తా."

"ముట్టుకో, చెబుతా!"

గంగయ్య గుడిసె వెనక్కి వెళ్ళి, నల్లగుడ్డ తిత్తి కుట్టుకొచ్చాడు. వలలు అల్లే చెయ్యి, కుట్లు గట్టివి. పిల్లాడి దండచేతికి కట్టి, వాణ్ణి ఒళ్ళో వేసుకుని గోడ వైపు తిరిగి చాలాసేపు కూర్చున్నాడు. ఏడుస్తున్నాడనుకుని లోవలక్ష్మి పలకరించలేదు.

"శనివారం దాకా విప్పకూడదు," అన్నాడు చివరికి.

అతను వేటకు వెళ్ళాక పిల్లాడు మళ్ళీ వణికాడు. ఈసారి కళ్ళు తేలేశాడు.

లోవలక్ష్మి పళ్ళతో కుట్లు తెంపింది. రాయి తీసి కొంగున ముడేసింది. కాలవ ఒడ్డున పొగపడవ వాళ్ళు విసిరేసిన సీసాల పెంకులకు కొదవలేదు. నీటికి అరిగిన నీలి పెంకు ఒకటి తిత్తిలో పెట్టి మళ్ళీ కుట్టింది. పిల్లాణ్ణి పక్కింటి సూరమ్మ ఒళ్ళో పడేసి లాకులకు పరుగెత్తింది. దారిలో నమ్మకం లేక కొంగు ముడి విప్పి, రాయిని గుప్పిట్లో బిగించింది.

పొగపడవ అప్పుడే ఈల వేసింది.

"సరంగు గారండీ! ఇదిగోనండి నీలం. మందిప్పించండి."

"ఆగమ్మా. సింహళం దాకా ఓడ నడిపినోణ్ణి. నాకే గాజు పెంకు అంటగడదామనా?"

"అయ్యో, ఒట్టండి!"

బిడ్డ మీద ఒట్టు వేయబోయి ఆగిపోయింది. గోదారమ్మ మీద వేసింది.

సరంగు రాయిని పాలచెంబులో పడేశాడు. ఒంగి చూశాడు. "చూశావా, పాలు నీలంగా మారినై."

ఆమెకు పాలు పాలలాగే కనబడ్డాయి. "మారినయ్యండి," అంది.

ఎండకు ఎత్తి పట్టాడు. "లోపల బుడగుంది. నీటిబొట్టది. జాతిరాయికే ఉంటది."

"ఉంటదండి. పిల్లాడు పోతాడండి, తొందరగా..."

నాలుక మీద పెట్టుకున్నాడు. "వెచ్చగా ఉంది!"

లోవలక్ష్మి తన అరచెయ్యి చూసుకుంది. మావ చల్లగా ఉందన్నాడే. నా గుప్పిట వేడి కాబోలు.

"శని రాయి మరి," అన్నాడు సరంగు. "వేడి ఉండాలి."

"మహా వేడండి బాబూ," అంది.

రెండో ఈల వేశారు. చేతిలో పొట్లం పడింది.

ఆ చేదు పొడిని బెల్లంలో కలిపి, గంగయ్య ఇంట్లో లేనప్పుడల్లా పిల్లాడి నోట్లో కుక్కింది. వాడు ఉమ్మితే మళ్ళీ కుక్కింది.

శనివారం పొద్దున బుల్లియ్య చేపల పులుసు కావాలని రాగం తీశాడు. అంత కమ్మటి ఏడుపు ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

"చెప్పానా! నీలమంటే నీలమే," అంటూ గంగయ్య కత్తి తీశాడు. "సిద్ధాంతి గారికి చూపించొస్తా."

"ఇప్పుడెందుకు మావా..."

కుట్లు తెగాయి. అరిగిన సీసా పెంకు చాప మీద పడింది.

లోవలక్ష్మి అతని కాళ్ళ మీద పడింది. "చంపేస్తే చంపెయ్యి. నీలం సరంగుకిచ్చేశా. పిల్లాడు కళ్ళు తేలేస్తే ఏం చెయ్యను?"

గంగయ్య పెంకును అటూ ఇటూ తిప్పి చూశాడు. మీసం వణికింది. కోపమో మరొకటో ఆమెకు అంతుపట్టలేదు.

"సరంగు పరీక్ష చేసే పుచ్చుకున్నాడా?"

"మూడు రకాలుగా చేశాడు. అసలుదేనన్నాడు."

"ఇది నేను పెట్టిన పెంకు కాదనుకుంటూనే ఉన్నా," అంటూ గంగయ్య పిల్లాడి మొలతాడుకున్న తాయెత్తు మూత తిప్పి ఆమె అరచేతిలో బోర్లిస్తే, చింతగింజంత నీలం చల్లగా వచ్చి పడింది.